జర్మనీలో చదువు: ఊరు ఎంచుకోవడం నుంచి గది తాళాలు చేతికొచ్చే దాకా

ఎడ్మిట్ వచ్చింది, వీసా వచ్చింది, ఫ్లైట్ టికెట్ కూడా కొన్నాం, గది మాత్రం దొరకలేదు, ఏం చేయాలి? ఆగస్టు, సెప్టెంబరు వచ్చాయంటే జర్మనీ వెళ్లే తెలుగు పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ పదేపదే అడిగే ప్రశ్న ఇది. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. యూనివర్సిటీల జాబితా రాసుకునే రోజే గది పని కూడా మొదలుపెడితే ఈ టెన్షన్‌లో ముప్పావు వంతు ఉండదు. ఊరు ఎంచుకోవడం ఒక పని, గది వెతకడం మరో పని అనుకోకండి. రెండింటినీ కలిపే తేల్చుకోవాలి.

ఇక్కడ రాసింది ప్రభుత్వ యూనివర్సిటీల్లో, హోక్‌షూలెలలో (అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీల్లో) బ్యాచిలర్స్, మాస్టర్స్ చదవబోయేవాళ్ల కోసం. వరుస మార్చకుండా చేసుకుంటూ వెళ్లండి.

1. ముందు నెల లెక్క వేయండి

స్టూడెంట్ వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. 2024 సెప్టెంబరులో ఈ మొత్తానికి పెంచారు. దాంట్లోంచి మీకు నెలకి వచ్చేది 992 యూరోలే. మిగిలిన డబ్బు మీదే అయినా ముందుగా తీసుకోవడానికి వీలుండదు.

ఆ 992లోంచి అద్దె కాక మిగతా ఖర్చులు తీసేయండి:

– హెల్త్ ఇన్సూరెన్స్: 140 నుంచి 160. ఈ స్టూడెంట్ రేటు 30 ఏళ్ల లోపు వాళ్లకే.
– తిండి, ఇంట్లో వండుకుంటే: సుమారు 200
– సెమిస్టర్ ఫీజు నెలవారీ వాటా: సుమారు 50. చాలాచోట్ల ప్రయాణ టికెట్ ఇందులోనే ఉంటుంది.
– ఫోన్: 10 నుంచి 15
– టీవీ, రేడియో రుసుము: ఇంటికి 18.36. టీవీ లేకపోయినా కట్టాల్సిందే.
– బట్టలు, మందులు, చిల్లర ఖర్చులు: కనీసం 80

మిగిలేది 480 దగ్గర. మీరు పెట్టగల అద్దె అంతే, అదీ కరెంటు, హీటింగ్ అన్నీ కలుపుకుని. ఈ అంకెను కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి. తర్వాత ప్రతి నిర్ణయమూ దీనితోనే పోల్చుకోవాలి.

పార్ట్‌టైమ్ జీతాన్ని మొదటి సెమిస్టర్ లెక్కలో వేయకండి. ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చని నిబంధన ఉంది. అనుమతి ఉన్నంత మాత్రాన పని దొరికినట్టు కాదు. భాష రాకుండా, ఊరు తెలియకుండా వెళ్లిన మొదటి నెలల్లో అది చాలామందికి దొరకదు.

ఇక మొదటి నెల ఖర్చు 992కి ఎప్పుడూ లొంగదు. అద్దె, అడ్వాన్స్, సెమిస్టర్ ఫీజు, పరుపు దుప్పట్లు, గిన్నెలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. పైగా బ్లాక్డ్ అకౌంట్ నుంచి మొదటి డబ్బు రావాలంటే చాలావరకు అక్కడ మామూలు బ్యాంకు ఖాతా తెరవాలి, దానికి కొన్ని వారాలు పట్టొచ్చు. అందుకని ఫారెక్స్ కార్డులో 2,000 నుంచి 2,500 యూరోలు విడిగా ఉంచుకోండి. లోన్ తీసుకునేవాళ్లు ఈ మొత్తాన్ని మొదటే అడిగి పెట్టుకోవాలి. తర్వాత అడిగితే బ్యాంకులో ఆలస్యమవుతుంది.

2. ఊరిని నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టండి

ర్యాంకింగ్ చూసి ఊరు ఎంచుకునేవాళ్లే ఎక్కువ. కోర్సు నచ్చాలి, అందులో వాదన లేదు. సిలబస్ దాదాపు ఒకేలా ఉన్న కోర్సు అయిదారు ఊళ్లలో దొరుకుతున్నప్పుడు మాత్రం ఈ నాలుగూ అడగండి.

అద్దె నా లెక్కలో పడుతుందా? మ్యూనిక్‌లో షేరింగ్ ఫ్లాట్‌లో ఒక గదికి 700 నుంచి 900 యూరోలు మామూలే. బెర్లిన్, హాంబర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో 600 దాటుతుంది. కెమ్నిట్జ్‌లో అలాంటి గది 300 చుట్టుపక్కల దొరుకుతుంది. మాగ్డెబర్గ్, ఇల్మెనావ్, ఫ్రైబెర్గ్, కాట్‌బుస్ లాంటి ఊళ్లు కూడా పెద్ద నగరాలతో పోలిస్తే చాలా చవక. ఒకే డిగ్రీకి రెండేళ్లలో తేడా పది వేల యూరోలు కూడా దాటొచ్చు.

ట్యూషన్ ఫీజు ఉందా? "జర్మనీలో ఫీజు లేదు" అన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో, అంటే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, హైడెల్‌బర్గ్, ఫ్రైబుర్గ్, మాన్‌హైమ్ వైపు, మనలాంటి యూరప్ బయటి విద్యార్థులు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. నెలకి 250 అదనపు అద్దె అనుకోండి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024–25 చలికాలం సెమిస్టర్ నుంచి కొత్తగా చేరే మన విద్యార్థులకు ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి అది సాధారణంగా సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000. ఆ ఊరి అద్దెతో కలిపి చూస్తే ఎంత బరువో అర్థమవుతుంది.

నా బ్రాంచికి పని గంట దూరంలో ఉందా? ఆటోమొబైల్ వాళ్లకి స్టుట్‌గార్ట్‌లో మెర్సిడెస్, పోర్షే, బాష్ ఉన్నాయి. ఇంగోల్‌స్టాట్‌లో ఆడి, వోల్ఫ్స్‌బర్గ్‌లో ఫోక్స్‌వాగన్ ఉన్నాయి. చిప్‌ల వైపు వెళ్లేవాళ్లు డ్రెస్డెన్ చూడాలి, ఇన్ఫినియాన్, గ్లోబల్‌ఫౌండ్రీస్, బాష్ ఫ్యాక్టరీలు అక్కడున్నాయి. సీమెన్స్ పేరు చెబితే ఎర్లాంగెన్, శాప్ అయితే హైడెల్‌బర్గ్ పక్కనున్న వాల్‌డోర్ఫ్. ఆప్టిక్స్‌కి యెనా. చవక ఊరు ఎంచుకునేవాళ్లు ఇక్కడ నిదానించాలి. అద్దె మిగుల్తుంది గానీ, చదువుతూ చేసే వెర్క్‌స్టూడెంట్ ఉద్యోగాలు కొన్నిచోట్ల తక్కువ, జర్మన్ రాకపోతే ఇంకా తక్కువ. చిన్న ఊరికి వెళ్తున్నారంటే ఇక్కడి నుంచే జర్మన్ బీ1 (మధ్యస్థాయి) దాకా నేర్చుకుని వెళ్లండి. ఆ ఖర్చు తిరిగొస్తుంది.

క్యాంపస్ నిజంగా ఏ ఊళ్లో ఉంది? చాలామంది ఇది చూడరు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీకి గార్హింగ్, ఫ్రైజింగ్, స్ట్రౌబింగ్, హైల్‌బ్రోన్‌లలో క్యాంపస్‌లున్నాయి. డెగ్గెన్‌డార్ఫ్ హోక్‌షూలె కోర్సులు కొన్ని ఫార్‌కిర్హెన్‌లో, కొన్ని ఖామ్‌లో నడుస్తాయి. రైన్-వాల్ హోక్‌షూలెకి క్లేవె ఒకటి, కాంప్-లింట్‌ఫోర్ట్ ఒకటి. రైన్-మైన్ హోక్‌షూలె వాళ్ల ఇంజినీరింగ్ విభాగం వీస్‌బాడెన్‌లో కాకుండా రూసెల్స్‌హైమ్‌లో ఉంది. కోర్సు పేజీలో క్యాంపస్ చిరునామా వెతికి, దాన్ని మ్యాపులో పెట్టి చూసిన తర్వాతే గది వెతకండి.

పక్క ఊళ్లో ఉండి వచ్చిపోవడం కూడా ఒక దారి. సెమిస్టర్ ఫీజులో డాయిచ్‌లాండ్ టికెట్ కలిసి ఉంటే దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లలో తిరగొచ్చు. ఐసీఈ, ఐసీ అనే దూరప్రయాణ రైళ్లలో చెల్లదు. లైప్‌జిగ్‌లో చదువుతూ హాలెలో ఉండేవాళ్లున్నారు, మ్యూనిక్‌లో చదువుతూ ఆగ్స్‌బుర్గ్ నుంచి వచ్చేవాళ్లున్నారు. ఇంటి తలుపు నుంచి క్లాసు తలుపు దాకా గంటలోపు అయితే సరే. అంతకు మించితే ఉదయం ఎనిమిది గంటల ల్యాబ్‌లు చలికాలంలో ప్రాణం తీస్తాయి.

చివరికి మూడు రకాల ఊళ్లు జాబితాలో ఉంచుకోండి: మీకు బాగా ఇష్టమైనవి ఒకటి రెండు, అద్దె లెక్కలో సరిగ్గా పడేవి రెండు మూడు, హాస్టల్ సులువుగా దొరికేది కనీసం ఒకటి. ఆ చివరిది లేకుండా దరఖాస్తులు పంపకండి.

3. ఏ నెలలో ఏ పని

చలికాలం సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది. హోక్‌షూలెలలో కొన్ని సెప్టెంబరులోనే మొదలుపెడతాయి. దాని ప్రకారం:

– జనవరి నుంచి మార్చి: ఊళ్ల జాబితా. ఒక్కో ఊరికి ఏ స్టుడిరెండెన్‌వెర్క్ (హాస్టళ్లు నడిపే సంస్థ) వస్తుందో, హాస్టల్ దరఖాస్తు ఎప్పుడు తెరుస్తారో రాసుకోవడం. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన మార్కుల కాగితాలు సరైనవేనని తనిఖీ చేసి ఇచ్చేది) ఇంకా లేకపోతే ఆ పని.
– మార్చి నుంచి జూలై మధ్య: యూనివర్సిటీ దరఖాస్తులు. చాలా కోర్సులకు చివరి తేదీ జూలై 15, విదేశీ విద్యార్థులకు ఇంకా ముందే ముగిసేవి ఎన్నో ఉన్నాయి. ఎడ్మిట్ లేకుండానే హాస్టల్ దరఖాస్తు తీసుకునే చోట్ల అదే రోజు అది కూడా పెట్టేయాలి.
– ఎడ్మిట్ వచ్చిన రోజు: మిగిలిన హాస్టల్ దరఖాస్తులన్నీ.
– జూలై, ఆగస్టు: ప్రైవేటు గదుల వేట, తాత్కాలిక బస బుకింగ్.
– సెప్టెంబరు చివర: ప్రయాణం.

"వీసా వచ్చాక చూద్దాం" అనే మాట కన్సల్టెన్సీల దగ్గర తరచు వినిపిస్తుంది. హాస్టల్ విషయంలో ఆ సలహా వినకండి. వీసా రాకపోతే దరఖాస్తు వెనక్కి తీసుకోవచ్చు. వెయిటింగ్ లిస్టులో పోయిన మూడు నెలలు మాత్రం తిరిగి రావు.

4. స్టుడిరెండెన్‌వెర్క్ హాస్టల్: అన్నిటికంటే ముందు ఇదే

జర్మనీలో స్టూడెంట్ హాస్టళ్లు చాలావరకు యూనివర్సిటీ చేతిలో ఉండవు. స్టుడిరెండెన్‌వెర్క్ అనే వేరే సంస్థలు నడుపుతాయి. ఒక్కోటి కొన్ని ఊళ్లకు కలిపి ఉంటుంది. ఇల్మెనావ్, యెనా, వైమార్, ఎర్ఫుర్ట్ అన్నీ థూరింగెన్ వాళ్ల కింద, ఇంగోల్‌స్టాట్ ఎర్లాంగెన్-న్యూరెంబర్గ్ వాళ్ల కింద వస్తాయి. ఎడ్మిట్ వచ్చినంత మాత్రాన యూనివర్సిటీ మీకు గది ఇవ్వదు. మీరే విడిగా దరఖాస్తు చేయాలి.

అద్దె చాలాచోట్ల 250 నుంచి 400 లోపు. కరెంటు, హీటింగ్, ఇంటర్నెట్ అందులోనే. మంచం, బల్ల, బీరువా ఉంటాయి. వీసా ఉన్న విద్యార్థికి ఇంత తక్కువ చిక్కుతో దొరికే గది జర్మనీలో ఇంకోటి లేదు. అందుకే అంత క్యూ. మ్యూనిక్‌లో కొన్ని హాస్టళ్లకు సెమిస్టర్ల తరబడి ఆగాలి.

దరఖాస్తు చేసే పద్ధతి:

– ఏదో ఒక హాస్టల్ పేరే టిక్ చేయకండి. అనుమతించినన్ని ఎంచుకోండి. కొత్త భవనాలకి, సిటీ మధ్యలో ఉన్నవాటికి పోటీ ఎక్కువ. పాతవి, కాస్త దూరంగా ఉన్నవి ముందు దొరుకుతాయి.
– గది రకం చూసుకోండి. సొంత బాత్‌రూమ్, వంటిల్లు ఉన్న సింగిల్ అపార్ట్‌మెంట్ ఒకటి, ముగ్గురు నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గది ఇంకొకటి, కారిడార్‌లో పది మందికీ కలిపి ఒక వంటిల్లు ఉన్నది మూడోది. అపార్ట్‌మెంట్ మాత్రమే కావాలంటే క్యూ రెట్టింపు అవుతుంది.
– అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే ఫ్లాట్‌లో, ఒకే అంతస్తులో ఉండటం అక్కడ మామూలు. అమ్మాయిలకు మాత్రమే కావాలంటే దరఖాస్తులో ఆ గడి ఉందో లేదో చూసి అడగండి. ఇంట్లో అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. తాళాలు తీసుకున్నాక గొడవ పడితే ఎవరికీ లాభం లేదు.
– కొన్నిచోట్ల "ఇంకా గది కావాలా?" అని మెయిల్ వస్తుంటుంది. లింకు నొక్కకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి.
– ఆఫర్ వస్తే ఒప్పుకోడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. అడ్వాన్స్ కట్టి, సంతకం చేసి పంపడానికి సిద్ధంగా ఉండండి.

క్రైస్తవ సంస్థలు, ట్రస్టులు, ప్రైవేటు కంపెనీలు నడిపే హాస్టళ్లు కూడా ప్రతి పెద్ద ఊళ్లో ఉంటాయి. చర్చి హాస్టళ్లలో ఏ మతం వాళ్లనైనా చేర్చుకునేవి చాలా ఉన్నాయి. వీటి జాబితా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు పేజీలో దొరుకుతుంది. మనవాళ్లు అసలు తెరవని పేజీ అది, అందుకే పోటీ కూడా కాస్త తక్కువ.

5. వేగేలో గది: మెసేజ్ రాయడమే సగం పని

కొందరు కలిసి ఫ్లాట్ తీసుకుని, ఒక్కో గదిలో ఒక్కరు ఉంటే దాన్ని వేగే అంటారు. గది ఖాళీ అయితే అక్కడ ఉన్నవాళ్లే కొత్త మనిషిని ఎంచుకుంటారు. వాళ్లు వెతికేది అద్దె కట్టగలిగే మనిషిని మాత్రమే కాదు, తమతో కలిసి ఉండగలిగే మనిషిని కూడా. "డియర్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ రూమ్" అని యాభై మందికి ఒకటే మెసేజ్ పంపితే జవాబు రాకపోవడానికి కారణం ఇదే.

ప్రకటన మొత్తం చదవండి. చదివారో లేదో తెలుసుకోడానికి మధ్యలో ఒక మాట దాచి, దాన్ని మెసేజ్‌లో రాయమనేవాళ్లు ఉంటారు. తర్వాత ఈ అంశాలతో పది పన్నెండు వాక్యాలు రాయండి:

– పేరు, వయసు, ఏ కోర్సు, ఏ యూనివర్సిటీ
– ఎప్పటి నుంచి, ఎంతకాలం ఉంటారు
– వాళ్ల ప్రకటనలో మీకు నచ్చిన ఒక సంగతి
– రోజు ఎలా గడుపుతారు: వంట, ఆటలు, శుభ్రత
– అద్దె ఎలా కడతారు: బ్లాక్డ్ అకౌంట్ లేదా లోన్
– వీడియో కాల్‌కి కుదిరే టైమ్, జర్మన్ టైమ్‌లో

మొదటి మెసేజ్ జర్మన్‌లో రాయండి, కింద ఇంగ్లిష్‌లో పెట్టండి. మీ జర్మన్ ఎంతవరకు వచ్చో నిజం చెప్పండి. శాకాహారులైతే ఆ మాట రాయండి, అక్కడ శాకాహార వేగేలు చాలా ఉన్నాయి. మీరు రోజూ మాంసం వండేవాళ్లైతే అలాంటి ప్రకటనకు రాయకండి.

జ్విషెన్‌మీటె అనే ప్రకటనలను వదిలేయకండి. ఇంటర్న్‌షిప్‌కో, వేరే దేశానికో వెళ్లేవాళ్లు తమ గదిని మూడు నుంచి ఆరు నెలలకు ఇస్తారు. పోటీ తక్కువ, సామాన్లు ఉంటాయి, ఊళ్లో దిగి నిదానంగా శాశ్వతమైన గది వెతుక్కోవచ్చు. కొత్తగా వెళ్లేవాళ్లకు నేను ముందుగా చెప్పే దారి ఇదే. కాకపోతే అసలు ఓనర్ అనుమతి రాతపూర్వకంగా ఉందో లేదో అడగాలి, ఆ చిరునామాలో పేరు నమోదు చేయించుకోవచ్చో లేదో కూడా.

ముగ్గురు తెలుగువాళ్లు కలిసి ఖాళీ ఫ్లాట్ తీసుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. జర్మనీలో ఖాళీ ఫ్లాట్ అంటే కొన్నిసార్లు వంటింట్లో స్టవ్, సింకు కూడా ఉండవు. ఓనర్లు జీతం స్లిప్పులు, షూఫా అనే క్రెడిట్ రిపోర్టు అడుగుతారు. కొత్తగా దిగినవాళ్ల దగ్గర ఆ రెండూ ఉండవు. మొదటి ఏడాది దాటాక ఆలోచించండి.

6. డబ్బు పంపే ముందు: మోసాన్ని పట్టే పద్ధతి

ఏ సైట్ అయినా, ఏ వాట్సాప్ గ్రూప్ అయినా దొంగ ప్రకటనలు ఉంటాయి. వెతికేవాడు దూరదేశంలో ఉన్నాడు, సెప్టెంబరు దగ్గర పడుతోంది, భయంలో ఉన్నాడు: మోసగాళ్లకు కావలసింది అదే. వాళ్ల కథ దాదాపు మారదు. ఫొటోలో గది అద్భుతంగా ఉంటుంది, అద్దె ఆ ఊరి ధరలో సగం. ఓనర్ లండన్‌లోనో, స్పెయిన్‌లోనో ఉద్యోగంలో ఉంటాడు. తాళాలు కొరియర్‌లో పంపుతానంటాడు. తన పాస్‌పోర్టు కాపీ పంపి నమ్మకం కలిగిస్తాడు, అది ఇంకెవరి దగ్గరో దొంగిలించినది. బుకింగ్ సైట్ లాంటి లింకు పంపి అందులో డబ్బు కట్టమంటాడు. ఈరోజే కట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానంటాడు.

ప్రతి గదికీ, ఎంత తెలిసినవాళ్లు చెప్పినా సరే, ఈ పరీక్షలు చేయండి:

– ఫొటోను గూగుల్‌లో వెనక్కి వెతకండి. హోటల్ గదో, వేరే దేశం ఫ్లాటో బయటపడుతుంది.
– లైవ్ వీడియో కాల్ అడగండి. వీధి, ఇంటి నంబరు, కాలింగ్ బెల్ మీది పేరు, మెట్లు, గది, కిటికీ బయట దృశ్యం వరుసగా చూపించమనండి. రికార్డు చేసిన వీడియో లెక్కలోకి రాదు.
– ఆ ఊళ్లో ఉన్న సీనియర్‌ని వెళ్లి చూడమని అడగండి. ఒక గంట శ్రమ, టికెట్ లేకపోతే దాని ఖర్చు మీరు ఇవ్వండి.
– "ఆన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా?", అంటే ఆ చిరునామాలో పేరు నమోదు చేయించుకోవచ్చా అని అడగండి. తడబడితే ఆపేయండి.
– కాంట్రాక్ట్ మీది పేరు, బ్యాంకు ఖాతా మీది పేరు ఒకటేనా చూడండి.
– కాంట్రాక్ట్ మీద ఇద్దరి సంతకాలు పడే దాకా పాస్‌పోర్టు కాపీ పంపకండి. పంపాల్సి వస్తే దాని మీద అడ్డంగా తేదీ, "అద్దె కోసం మాత్రమే" అని రాసి పంపండి.

అడ్వాన్స్ తాళాలు తీసుకునేటప్పుడు కట్టడం అన్నిటికంటే క్షేమం. స్టుడిరెండెన్‌వెర్క్ లాంటి సంస్థలు ముందే అడుగుతాయి, అది మామూలే. ముక్కూ మొహం తెలియని మనిషికి మాత్రం ముందు పంపకండి.

మనవాళ్ల గ్రూపుల్లో ఇంకో రకం ఉంది. ఖాళీ చేస్తున్న గదిని చూపించినందుకు కమీషన్ అడుగుతారు. ఓనర్ పెట్టుకున్న బ్రోకర్ ఫీజు అద్దెకు వచ్చేవాళ్ల దగ్గర వసూలు చేయకూడదని జర్మనీలో 2015 నుంచి చట్టం ఉంది. పాత బల్ల, మైక్రోవేవ్ కొనుక్కోమంటే సరైన ధర అయితే కొనండి. "స్పాట్" కోసం డబ్బు అడిగితే కట్టకండి.

మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి దాచుకోకండి. గంటల్లోనే మీ బ్యాంకుకి ఫోన్ చేసి డబ్బు వెనక్కి పిలవమనండి, చాట్, ఖాతా నంబరు, ప్రకటన స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఇక్కడ సైబర్ క్రైమ్ నంబరు 1930కి చెప్పండి. జర్మనీ రాష్ట్రాల పోలీసులు ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు తీసుకుంటారు. డబ్బు తిరిగి వస్తుందన్న భరోసా లేదు, ఆలస్యం చేసిన కొద్దీ ఆ కాస్త అవకాశమూ పోతుంది.

7. కాంట్రాక్ట్ చదవడం

జర్మన్‌లో ఉన్న ప్రతి పేజీనీ అనువదించుకుని చదవండి. చూడవలసినవి ఇవి.

కాల్ట్‌మీటె, వార్మ్‌మీటె. మొదటిది వట్టి అద్దె. రెండోది హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపినది. ప్రకటనలో 350 అని చూసి సంతోషపడి, తీరా వార్మ్‌మీటె 480 అని తెలుసుకునేవాళ్లు ఎందరో. కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయా అని విడిగా అడగండి.

అడ్వాన్స్. దీన్ని కౌట్సియోన్ అంటారు. చట్టప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటెకి మించకూడదు. మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు మీకు ఉంది. మొదటి వాయిదా అద్దె మొదలయ్యేటప్పుడు.

గడువు. గడువు లేని కాంట్రాక్ట్ అయితే మూడు నెలల నోటీసు ఇచ్చి వెళ్లిపోవచ్చు. గడువు రాసిన కాంట్రాక్ట్‌ను మామూలుగా మధ్యలో వదలడానికి వీలుండదు. హాస్టళ్లలో చాలాచోట్ల మార్చి 31న, సెప్టెంబరు 30న మాత్రమే ఖాళీ చేయనిస్తారు. ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది ముఖ్యం. లేకపోతే రెండు ఊళ్లలో అద్దె కడతారు.

ఎవరితో ఒప్పందం. ఓనర్‌తోనా, ఫ్లాట్ తీసుకున్న మొదటి అద్దెదారుతోనా? రెండోది అయితే ఓనర్ అనుమతి కాగితం చూడండి.

అర్థం కాని లైను ఉంటే సంతకం పెట్టకండి. స్టూడెంట్ యూనియన్, అంటే ఆస్టా లేదా స్టూరా, చాలా యూనివర్సిటీల్లో ఉచితంగా లాయర్ సలహా ఇప్పిస్తుంది.

8. గది దొరక్కుండా బయల్దేరాల్సి వస్తే

ఇది విపత్తేమీ కాదు, ఏర్పాటు చేసుకుని వెళ్తే. రెండు మూడు వారాలకు తాత్కాలిక బస బుక్ చేయండి: యూత్ హాస్టల్, సర్వీస్డ్ గది, సీనియర్ ఇల్లు. కొన్ని యూనివర్సిటీలు సెమిస్టర్ మొదట్లో అత్యవసర బస ఏర్పాటు చేస్తాయి, ఇంటర్నేషనల్ ఆఫీసుకి ముందే మెయిల్ పెట్టండి. ఊళ్లో ఉంటే గదులు స్వయంగా చూడొచ్చు, అప్పుడు దొరికే అవకాశం చాలా పెరుగుతుంది.

సీనియర్ గదిలో నలుగురు నెలల తరబడి ఉండిపోవడం మాత్రం వద్దు. ఫిర్యాదు వెళ్తే పోయేది ఆయన కాంట్రాక్ట్. మీరు లేని చిరునామాలో పేరు నమోదు చేయించుకోవడం చట్టవిరుద్ధం, జరిమానా పడుతుంది, ఆ చిరునామా ఇచ్చినవాళ్లకు కూడా.

9. తాళాలు తీసుకున్న రోజు, తర్వాతి రెండు వారాలు

వారం మధ్యలో, పగటి పూట దిగేలా ఫ్లైట్ చూసుకోండి. తాళాలు ఇచ్చే హౌస్‌మైస్టర్ (భవనం కేర్‌టేకర్) ఆఫీసు కొద్ది గంటలే ఉంటుంది. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, అక్టోబరు 3 జాతీయ సెలవు. హాస్టల్‌లో పరుపు ఉన్నా దుప్పటి, దిండు ఉండవు. మొదటి రాత్రికి సరిపడా సూట్‌కేసులో పెట్టుకోండి.

గదిలోకి వెళ్లగానే చేయవలసినవి:

– యూబర్‌గాబె ప్రోటోకోల్, అంటే అప్పగింత కాగితంలో ప్రతి గీత, మరక, పగులు రాయించండి.
– గోడలు, కిటికీ, నేల, బాత్‌రూమ్ మూలలు ఫొటోలు తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.
– మీటర్ రీడింగ్ రాసుకోండి.
– లెటర్‌బాక్స్ మీద మీ పేరు అతికించండి. పేరు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి పంపేస్తాడు. బ్యాంకు పిన్, ట్యాక్స్ నంబరు, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. "నా కార్డు రాలేదు" అన్నవాళ్లను ముందు అడగాల్సింది ఈ సంగతే.

ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో ఆన్‌మెల్డుంగ్ చేయాలి. ఓనర్ సంతకం చేసిన ఒక పేజీ ఫారం తప్పనిసరి. కాంట్రాక్ట్ ఒక్కటే చాలదు. పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ వారాల తర్వాత దొరుకుతుంది, కాబట్టి ఇండియాలో ఉండగానే స్లాట్ చూడండి. ఆలస్యం అపాయింట్‌మెంట్ వల్లే అయితే బుక్ చేసిన ఆధారం దాచుకోండి. రెసిడెన్స్ పర్మిట్, ట్యాక్స్ నంబరు, చాలా బ్యాంకు ఖాతాలు అన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. ఆన్‌మెల్డుంగ్ కుదరదనే గది ఎంత చవకైనా దీర్ఘకాలానికి వద్దనేది అందుకే.

టీవీ, రేడియో రుసుము వేగేలో ఫ్లాట్ మొత్తానికి ఒకటే, అందరూ పంచుకోవచ్చు. ఉత్తరం వస్తే పడేయకుండా, ఎవరు కడుతున్నారో వాళ్ల రుసుము ఖాతా నంబరు రాసి పంపండి.

10. అడ్వాన్స్ మొత్తం తిరిగి రావాలంటే

డబ్బు ఎక్కువగా కోసేది బూజు వల్ల. చలికాలంలో కిటికీలు బిగించి, అన్నం వండి, బట్టలు గదిలోనే ఆరేస్తే గోడ మూలల్లో నల్లటి బూజు పడుతుంది. రోజుకి రెండు మూడు సార్లు కిటికీ పూర్తిగా తెరిచి అయిదు, పది నిమిషాలు ఉంచండి, అప్పుడు హీటర్ ఆపేయండి. బూజు మొదట కనబడగానే ఫొటోతో ఓనర్‌కి మెయిల్ చేయండి. దాస్తే తప్పు మీ మీదే పడుతుంది.

పోపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు మూసి, కిటికీ తెరిచి, పొగ ఫ్యాన్ వేయండి. ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం మోగి ఫైరింజన్ వస్తే కొన్నిచోట్ల బిల్లు పంపుతారు. అలారానికి కవర్ కట్టడం అంతకంటే ప్రమాదం, ఎప్పుడూ చేయకండి.

హాఫ్ట్‌ప్లిఖ్ట్ అనే ఇన్సూరెన్స్, అంటే మీ వల్ల ఇతరులకు జరిగిన నష్టాన్ని భరించేది, నెలకి కొద్ది యూరోలకే దొరుకుతుంది. తాళం పోతే భవనమంతా తాళాలు మార్చాల్సి రావచ్చు. పాలసీలో అది కూడా కలిసి ఉందో లేదో చూసి తీసుకోండి.

వెళ్లిపోయేటప్పుడు:

– నోటీసు సంతకం చేసిన కాగితం మీద, గడువులోపు అందేలా పంపండి. వాట్సాప్ మెసేజ్ చెల్లదు.
– మేకుల కన్నాలు పూడ్చి, ఓవెన్, బాత్‌రూమ్ శుభ్రంగా కడగండి.
– వచ్చినప్పటి ఫొటోలు పక్కన పెట్టుకుని మళ్లీ అప్పగింత కాగితం రాయించండి.
– అడ్వాన్స్ రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. ఖాతా నంబరు రాతపూర్వకంగా ఇచ్చి, ఆ ఖాతాను అప్పటిదాకా మూయకండి.
– వేరే ఊరికి మారితే అక్కడ మళ్లీ ఆన్‌మెల్డుంగ్ చేస్తే చాలు. జర్మనీ వదిలి వెళ్తుంటేనే ఆబ్‌మెల్డుంగ్, అంటే పేరు తీయించుకోవడం, చేయాలి. వెళ్లే ముందు వారం నుంచి, వెళ్లాక రెండు వారాల లోపు.